సంవత్సరమునకు మొదటి దినమేది?

రుద్రవరమువంటి మన పల్లెలలో సంవత్సరాది యెన్నడని అడిగి చూడుడి. ఒకరు చైత్ర శుద్ధ పాడ్యమి యందురు. వేపపూత, బెల్లము, కొత్త చింతపండు కలిపిన పచ్చడి పంచుదురు. ముస్లిములకు మొహరముతో హిజ్రీ సంవత్సరము మొదలగును; అది చాంద్రమానము గనుక ఏటేట సుమారు 11 దినములు ముందుగా వచ్చును. రెవిన్యూ లెక్కల ఫసలీ జులై 1న పుట్టును. మనమో, డిసెంబరు 31 రాత్రి గుడిలో కూడి జనవరి 1ని ప్రార్థనతో ఎదుర్కొందుము.

ఈ జనవరి 1 మొదటినుండి క్రైస్తవుల దినమా? కాదు, అది రోమీయుల లెక్క. ఇంగ్లాండులో సంవత్సరము శతాబ్దములపాటు మార్చి 25న ఆరంభమయ్యెడిది. చట్టముచేత 1752వ సంవత్సరమును జనవరి 1న మొదలుపెట్టినందున, 1751కి 282 దినములే దక్కెను.

యూదులు తిష్రీ నెలలో కొమ్ముబూర నూది కొత్త సంవత్సరమును ఎదుర్కొందురు. అయినను నిర్గమకాండము 12వ అధ్యాయములో, ఐగుప్తు దాస్యమునుండి విడుదలైన మాసమే వారికి మొదటి నెలగా నియమింపబడెను.

చూచితిరా? తేదీని చట్టము మార్చగలదు, విడుదలను మార్చలేదు. గనుక పొరుగువాని పండుగను చిన్నచూపు చూడకుడి. కక్షలను తరతరములు మోసిన సీమ మనది. మాటలు మానిన పొరుగువాని గడప మీరు మరల తొక్కిన దినము ఏ నెలలో వచ్చినను, అదే మీకు సంవత్సరాది.