లయను కొలిచిన చరిత్ర: ఫ్రెంచ్ సరసన తెలుగు

మీరు వరంగల్‌లోనో, హనుమకొండలోనో ఇంగ్లిష్ వాక్యం పైకి చదివినప్పుడు "అన్నీ ఒకే వేగంతో చదువుతున్నావు" అని ఎవరైనా అన్నారా? ఫ్రెంచ్ మాతృభాషగా గలవారు ఇంగ్లిష్ నేర్చుకునేటప్పుడు కూడా ఇదే విమర్శ వింటారు. ఈ విమర్శ ఎక్కడ పుట్టింది, కొలతకు ఎంతవరకు నిలిచింది అనే విషయాలను ఈ భాగంలో తెలుసుకుందాం.

1. చెవితో చేసిన విభజన

1940లో బ్రిటన్‌కు చెందిన ఆర్థర్ లాయిడ్ జేమ్స్ భాషల లయను రెండు ధ్వనులతో పోల్చాడు. ఒకటి మెషిన్‌గన్ మోత, రెండోది మోర్స్ సంకేతాల చప్పుడు. మొదటిదానిలో దెబ్బలన్నీ సమానం. రెండోదానిలో పొడుగు, పొట్టి కలిసి ఉంటాయి. 1945లో అమెరికా భాషావేత్త కెన్నెత్ పైక్ ఈ తేడాకు పేర్లు పెట్టాడు. అక్షరాలు సమాన కాలవ్యవధిలో వచ్చేవి 'సిలబుల్-టైమ్డ్' భాషలు. ఊనికలు సమాన కాలవ్యవధిలో వచ్చేవి 'స్ట్రెస్-టైమ్డ్' భాషలు.

1967లో డేవిడ్ అబర్‌క్రాంబీ ఈ విభజనను ప్రపంచ భాషలన్నిటికీ వర్తింపజేశాడు. ఫ్రెంచ్, తెలుగు, యొరూబా భాషలను మొదటి వర్గంలోనూ, ఇంగ్లిష్, రష్యన్, అరబిక్ భాషలను రెండో వర్గంలోనూ ఉదాహరణలుగా చూపాడు. ఇక్కడ ఒక విషయం గమనించండి. ఈ విభజనకు ఆధారం చెవికి తోచిన తీరే గాని కొలత కాదు.

2. కొలత చెప్పినదేమిటి?

1982లో పీటర్ రోచ్ సరిగ్గా ఆ ఆరు భాషల మాటలనే రికార్డు చేసి కొలిచాడు. రెండు వర్గాల మధ్య ఉండవలసిన స్పష్టమైన గీత కనిపించలేదు. ఇంగ్లిష్‌లో ఊనికల మధ్య కాలం సమానంగా లేదు. ఫ్రెంచ్, తెలుగు అక్షరాల నిడివి కూడా సమానంగా లేదు.

దీంతో పరిశోధకులు అచ్చుల నిడివి వైపు దృష్టి మళ్లించారు. 2000లో లో ఈ లింగ్, ఎస్తర్ గ్రాబే, ఫ్రాన్సిస్ నోలన్ బ్రిటిష్, సింగపూర్ ఇంగ్లిష్‌లను పోల్చడానికి ఒక సూచికను వాడారు. దాని లెక్క సులభమే. పక్కపక్కనున్న రెండు అచ్చుల నిడివి 100, 50 మిల్లీసెకన్లు అనుకోండి. తేడా 50, సగటు 75. తేడాను సగటుతో భాగించి 100తో గుణిస్తే సుమారు 67 వస్తుంది. రెండూ సమానమైతే సున్న. మాటలోని అన్ని జతలకూ ఇలా లెక్కించి సగటు తీస్తారు.

2002లో గ్రాబే, లో ప్రచురించిన కొలతల్లో బ్రిటిష్ ఇంగ్లిష్‌కు 57.2, ఫ్రెంచ్‌కు 43.5 వచ్చాయి. అయితే తమిళానికి 55.8 వచ్చింది! ఇంగ్లిష్‌లో ఊనిక లేని అచ్చు కుదించుకుపోతుంది. తమిళంలో హ్రస్వ, దీర్ఘ భేదం ఉంది. కారణాలు వేరైనా అంకెలు దగ్గరపడ్డాయి. కాబట్టి సూచిక ఎంత తేడా ఉందో చెబుతుంది గాని, ఎందుకుందో చెప్పదు.

3. మాత్రల భాష

తెలుగులోనూ హ్రస్వ, దీర్ఘ భేదం ప్రధానమే. 'పలక', 'పాలక' పదాలను పలికి చూడండి. నిడివి మారితే అర్థమే మారుతుంది. మన ఛందస్సు లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు లెక్కిస్తుంది. పాలకుర్తి ప్రాంతంతో పేరు ముడిపడిన పాల్కురికి సోమనాథుడు ద్విపదలో కావ్యాలు రాసినప్పుడు ఆధారపడిన గణాలు కూడా ఈ గురులఘువులతో ఏర్పడినవే.

2007లో లలిత మూర్తి, తకాషి ఒతాకే, ఆన్ కట్లర్ ప్రచురించిన పరిశోధనలో తెలుగువారికి జపనీస్ పదాలు వినిపించారు. వారు ఆ పదాలను జపనీయుల మాదిరిగానే మాత్రలవారీగా విడదీసి గ్రహించారని ఫలితాలు సూచించాయి. ఇంతకుముందు ఫ్రెంచ్ సరసన కూర్చోబెట్టిన తెలుగుకు ఇప్పుడు జపనీస్ పొరుగు అయింది.

4. మీకు దీనివల్ల ప్రయోజనం

ఫ్రెంచ్ విద్యార్థి, తెలుగు విద్యార్థి ఒకే విమర్శ విన్నా కారణాలు ఒకటి కావు. ఫ్రెంచ్‌లో ఊనిక సాధారణంగా పదబంధం చివర పడుతుంది. తెలుగులో ప్రతి అచ్చూ తన మాత్రను నిలుపుకుంటుంది. మీ ఇంగ్లిష్‌లో లయ లేకపోవడం కాదు, మరో లయ ఉంది.

అయినా వినేవారికి అర్థం కావడం ముఖ్యమే. హైదరాబాద్‌లోని కేంద్ర ఇంగ్లిష్ సంస్థలో (నేటి ఇఫ్లూ) పనిచేసిన ఆర్.కె. బన్సల్ 1969 నాటి గ్రంథంలో, భారతీయుల ఇంగ్లిష్ అర్థం కాకపోవడానికి ముఖ్య కారణాల్లో ఒకటిగా పదంలో ఊనిక తప్పుచోట పడడాన్ని చూపాడు. 'ఫోటోగ్రాఫ్'లో ఊనిక మొదటి అక్షరం మీద, 'ఫొటోగ్రఫీ'లో రెండో అక్షరం మీద పడుతుంది. ముందుగా ఇలాంటి జతలను సాధన చేయండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి: తమిళం, ఇంగ్లిష్ సూచికలు దగ్గరగా ఉన్నంత మాత్రాన రెండింటి లయ ఒకటే అనవచ్చా? ఐదు వాక్యాల్లో రాయండి.