కోసి కట్టిన మోటారు సైకిలు

‘చాప్’ అనే ఇంగ్లీషు మాటకు నరకడమని అర్థం. కార్ఖానాలో తయారైన మోటారు సైకిలు చట్రాన్ని కోసి, ముందు ఫోర్కును పొడిగించి, అక్కరలేని భాగాలను తీసివేసి తిరిగి కట్టిన బండికి ‘చాపర్’ అని పేరు వచ్చింది. ఎత్తయిన హ్యాండిలు, ముందుకు చాచినట్లుండే ఫోర్కు, నేలకు దగ్గరగా దిగిన సీటు దీని గుర్తులు. చూచేవారికి ఇది కేవలం వేడుక బండిగా తోచవచ్చును. కాని దీని చరిత్రలో యంత్రశాస్త్రపు మూలసూత్రాలు కొన్ని చక్కగా ఇమిడి ఉన్నవి. అంతేకాదు, ఇటువంటి కోత పనియే మన దేశంలో ఒక కరువు సీమలో పొలం దున్నే సాధనాన్ని ఇచ్చింది. అనంతపురం పీఠభూమి రైతులకు ఆ రెండవ కథ మరింత దగ్గరది.

బరువు తగ్గించడంతో మొదలు

1930, 40లలో అమెరికా యువకులు కొందరు మోటారు సైకిలు ముందు మడ్‌గార్డును తీసివేసి, వెనుక దానిని పొట్టిగా కోయసాగారు. అటువంటి బండిని ‘బాబర్’ అన్నారు. వారి ఉద్దేశం అందం కాదు, వేగం. బలం మారకుండా ద్రవ్యరాశి తగ్గితే త్వరణం పెరుగుతుందని న్యూటను రెండవ సూత్రం చెబుతున్నది. ఇంజనును ముట్టుకోకుండానే బండిని చురుకుగా చేసే సులభమైన ఉపాయమిది. 1945లో యుద్ధం ముగిసి సైనికులు ఇండ్లకు చేరిన తరువాత ఈ అలవాటు మరింత వ్యాపించింది.

1950, 60లలో, ముఖ్యంగా కాలిఫోర్నియాలో, కోత మడ్‌గార్డుల నుంచి చట్రానికి పాకింది. 1969లో వచ్చిన ‘ఈజీ రైడర్’ అనే చలనచిత్రం చాపర్‌ను లోకమంతటికీ చూపింది. అందులోని బండ్లను పాత హార్లే-డేవిడ్‌సన్ మోటారు సైకిళ్ల నుంచి రూపొందించడంలో ముఖ్యులు క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే నల్లజాతి నిపుణులు. ఆ బండ్లకు వచ్చిన కీర్తి వాటిని కట్టిన చేతులకు చాలాకాలం దక్కలేదు.

కోణం మారితే ఏమగును?

బండి చక్కగా పోవడానికీ, వంపు తిరగడానికీ కీలకం చట్రపు మెడలో ఉన్నది. హ్యాండిలు తిరిగే అక్షం నిట్టనిలువుగా ఉండదు, కొంత వెనుకకు వాలి ఉంటుంది. నిలువు గీతతో అది చేసే కోణాన్ని ‘రేక్’ అంటారు. ఆ అక్షాన్ని క్రిందికి పొడిగిస్తే, అది నేలను చక్రం తాకే చోటుకు కొంచెం ముందుగా తాకుతుంది. ఈ రెండు చోట్ల మధ్య దూరం పేరు ‘ట్రెయిల్’. ఆసుపత్రి మంచపు చిన్న చక్రాలు మంచాన్ని ఎటు తోస్తే అటే తిరిగి దాని వెంట నడవడం చూచినవారికి ట్రెయిల్ చేసే పని సులభంగా అర్థమవుతుంది. నేలను తాకే చోటు అక్షానికి వెనుకగా ఉండుటచేత, చక్రం తనంతట తాను తిన్నని దారికి వస్తుంది.

లెక్క కూడా కష్టం కాదు. చక్రపు వ్యాసార్ధాన్ని రేక్ కోణపు సైన్‌తో గుణించాలి. చక్రపు ఇరుసు హ్యాండిలు అక్షానికి ఎంత ముందుగా ఉన్నదో ఆ దూరాన్ని అందులోనుంచి తీసివేయాలి. మిగిలినదానిని అదే కోణపు కొసైన్‌తో భాగిస్తే ట్రెయిల్ వస్తుంది. వ్యాసార్ధం 320 మిల్లీమీటర్లు, ఇరుసు ముందుకు ఉన్న దూరం 60 మిల్లీమీటర్లు అనుకొందాం. కోణం 27 డిగ్రీలైతే ట్రెయిల్ సుమారు 96 మిల్లీమీటర్లు. మెడను కోసి కోణాన్ని 40 డిగ్రీలు చేస్తే అది 190 మిల్లీమీటర్లకు, అంటే దాదాపు రెండింతలకు పెరుగుతుంది.

ఇందువలన లాభనష్టాలు రెండూ కలవు. హైదరాబాదు నుంచి అనంతపురం మీదుగా బెంగుళూరుకు పోయే 44వ జాతీయ రహదారి వంటి వెడల్పైన బాటమీద అటువంటి బండి వేగంలో నిలకడగా పోతుంది. ఊరిలోని ఇరుకు సందులో మాత్రం హ్యాండిలు బరువెక్కి, మెల్లగా పోయేటప్పుడు ఒక ప్రక్కకు ఒరిగిపోజూస్తుంది. మరొక సంగతి ఏమనగా, ఫోర్కు పొడవు ఒకటిన్నర రెట్లయితే, చక్రానికి అడ్డంగా తగిలే అదే దెబ్బ మెడ వద్ద కలిగించే వంపు భ్రామకం కూడా ఒకటిన్నర రెట్లవుతుంది. మెడవద్ద వెల్డింగు బలహీనమైతే అది విరిగేది బండి పరుగులో ఉన్నప్పుడే. అందుచేత కోయడం కంటె కోసినదానిని తిరిగి అతకడమే ఈ విద్యలో కష్టమైన భాగం.

మద్రాసు బులెట్, సౌరాష్ట్ర పొలం

మన దేశంలో ఇటువంటి మార్పులకు ఎక్కువగా ఆధారమైన బండి బులెట్. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన ఈ బండిని భారత సైన్యం 1950లలో ఎంచుకొన్నది. 1955లో మద్రాస్ మోటార్స్ సంస్థ రెడిచ్ కంపెనీతో కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించింది. దాని కార్ఖానా మద్రాసు సమీపాన తిరువొత్తియూరులో వెలసింది. 1970 నాటికి ఇంగ్లండులో రాయల్ ఎన్‌ఫీల్డ్ తయారీ ఆగిపోయినా మద్రాసులో ఆగలేదు. బండి నిర్మాణం దశాబ్దాలపాటు పెద్దగా మారనందున దాని లోగుట్టు పల్లెటూరి మెకానిక్కులకు సైతం కరతలామలకమైంది.

గుజరాతులోని అమ్రేలీ జిల్లా కూడా అనంతపురం వలె వేరుశనగ పండే మెట్ట ప్రాంతం, తరచు కరువుకు గురయ్యేది. అక్కడి మోటా దేవళియా గ్రామానికి చెందిన మన్సుఖ్‌భాయి జగానీ 1994 కరువు కాలంలో, ఎద్దులను పోషించలేని రైతుల ఇబ్బంది చూచి, బులెట్‌ను సేద్యానికి మలిచాడు. వెనుక చక్రాన్ని తీసివేసి, రెండు చక్రాలున్న చట్రాన్ని అక్కడ అమర్చి, దానికి దున్నే, విత్తే, కలుపు తీసే పనిముట్లను తగిలించాడు. మన గుంటక, గొర్రు వంటి అక్కడి పనిముట్టు పేరుమీద దీనిని ‘బులెట్ సాంతి’ అన్నారు.

వాన పడిన తరువాత నేలలో పదును నిలిచేది కొద్ది రోజులే. ఆ రోజులలో గొర్రు కదలకపోతే ఆ ఏటి పంటకే ముప్పు. ఎద్దులు లేని రైతుకు ఈ యంత్రం విలువ అక్కడ తెలుస్తుంది.

దీని రహస్యం వేగాన్ని బలంగా మార్చడం. సామర్థ్యమంటే బలాన్ని వేగంతో గుణించగా వచ్చేది. 5 అశ్వశక్తి, అనగా సుమారు 3,730 వాట్లు, గంటకు 60 కిలోమీటర్ల వేగంలో 23 కిలోల బరువుకు సమానమైన లాగుడు మాత్రమే ఇస్తుంది. గంటకు 3 కిలోమీటర్లకు తగ్గిస్తే, ఘర్షణ నష్టాలను విడిచిపెడితే, అది 450 కిలోలు దాటుతుంది. జత ఎద్దులు రోజంతా లాగగలిగేది వాటి బరువులో సుమారు పదోవంతు, అనగా 80 కిలోల ప్రాంతం. అయితే ఇంజను బలమంతా నేలకు అందదు. చక్రానికి నేల మీద పట్టు చాలకపోతే అది ఉన్నచోటనే తిరుగుతుంది. మెల్లగా పోయే బండికి ఎదురుగాలి తగలనందున ఇంజను వేడెక్కడం మరొక చిక్కు. చాపర్ కట్టేవారి చింత కోణం గురించి అయితే, సాంతి కట్టేవారి చింత పట్టు, వేడి గురించి.

ప్రారంభించేవారికి

ఈ పని నేర్వగోరేవారు మొదట చేపట్టవలసినది రంపం కాదు, కొలబద్ద. ఉన్న బండి రేక్, ట్రెయిల్, ఇరుసుల మధ్య దూరం కొలిచి కాగితం మీద గీసి, మారిస్తే ఏమగునో లెక్కించిన తరువాతనే చట్రాన్ని తాకాలి. రెండవది చట్టం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ విభాగం ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేటట్లు బండిని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని మరల స్పష్టం చేసింది. కనుక రోడ్డు మీద తిరిగే బండి చట్రాన్ని కోయడం ప్రాణానికే కాక చట్టానికీ సంబంధించిన విషయం.

పాఠశాలలో దీనిని మామూలు సైకిలుతోనే బోధింపవచ్చును. గోడకు ఆనించిన సైకిలు మెడ ప్రక్కగా ఒక తూకపు దారం వ్రేలాడదీసి, కోణమానినితో రేక్ కొలవాలి. మెడ వాలు వెంట ఒక తిన్నని కర్రను నేలదాకా పట్టి, అది తాకిన చోటునుంచి చక్రం తాకిన చోటుకు దూరం కొలిస్తే ట్రెయిల్ తెలుస్తుంది. తరువాత సైకిలును సీటు వద్ద మాత్రమే పట్టుకొని ఒక ప్రక్కకు వాల్చితే, ముందు చక్రం తానే ఆ ప్రక్కకు తిరగడం విద్యార్థులు స్వయంగా చూడగలరు.