ఓడ ఎక్కని ఇంటిపేర్లు

మా చిత్తూరు వైపు కొత్త మనిషి ఎదురైతే పేరు తరువాత వచ్చే ప్రశ్న "ఇంటిపేరేమి?" అన్నదే. దానితో వావివరుసలు సగం తేలిపోతాయి. దక్షిణాఫ్రికాలోని డర్బనులో తెలుగు సంతతివారిని ఇదే అడగండి. నాయుడు, రెడ్డి, శెట్టి అన్న జవాబు వస్తుంది. అవి ఇంటిపేర్లు కావని మనకు తెలుసు. మరి అసలువి ఏమైనట్లు?

1860 నవంబరు 16న 'ట్రూరో' అనే ఓడ మద్రాసు నుంచి 342 మందితో డర్బను చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది నేటాలు వలసరాజ్యానికి ఒప్పంద కూలీలుగా వెళ్ళారు. వారిలో సుమారు మూడింట రెండు వంతులు మద్రాసు రేవున ఓడ ఎక్కినవారే. ఓడ పట్టీలో ఒక్కొక్కరికి ఒక సంఖ్య. ఆపైన పేరు, తండ్రిపేరు, వయస్సు, కులం, జిల్లా, ఠాణా, ఊరు, ఒంటిమీది గుర్తులు. పుట్టుమచ్చకు చోటు దొరికింది గాని ఇంటిపేరుకు దొరకలేదు.

దీన్ని కుట్ర అనుకోనక్కరలేదు. అరవవారికి తండ్రిపేరే చాలు. తెలుగువారికీ ఆ పట్టీయే వాడారు. అంతెందుకు, మా సీమలోనే తండ్రిపేరి తొలి అక్షరాన్ని ముందుంచుకొనేవారు నేటికీ ఎందరో ఉన్నారు. చిత్తూరు నాగయ్యగారి ఇంటిపేరు ఉప్పలదడియం అని ఎందరికి తెలుసు? సముద్రం దాటకుండానే ఊరిపేరు దాన్ని కప్పివేసింది.

ఇంగ్లీషు పద్ధతిలో వంశనామం కావలసివచ్చినప్పుడు కొందరికి తండ్రిపేరు, కొందరికి కులబిరుదు ఆ స్థానంలో కూర్చున్నాయి. గవుండరు 'గోవెండరు' అయినాడు. నాయుడన్న బిరుదును కమ్మవారు, బలిజలు, వెలమలు కూడ వాడతారు కనుక దానివల్ల కులమైనా నిశ్చయంగా తెలియదు. కెనడాలోని ఫ్రెంచివారి సంగతి వేరు. వారి చర్చి పుస్తకాలలో పెండ్లినాడు వధూవరుల తల్లిదండ్రుల పేర్లు వ్రాసేవారు, స్త్రీకి పుట్టింటి పేరే నిలిచేది. మన మునెమ్మలకు, మంగమ్మలకు ఆ భాగ్యం లేకపోయింది.

వెదకేవారికి మరొక చిక్కు ఉంది. పట్టీలలో 'చిత్తూరు జిల్లా' కోసం చూస్తే దొరకదు. ఆ జిల్లా ఏర్పడింది 1911 ఏప్రిల్ 1న. నేటాలుకు కూలీల ఎగుమతి ఆగిపోయింది అదే సంవత్సరం జూలైలో. అంతకుముందు చిత్తూరు, చంద్రగిరి ఉత్తర ఆర్కాటులోను, మదనపల్లె, వాయల్పాడు కడపలోను ఉండేవి. తిరుపతి చంద్రగిరి తాలూకాలోని ఊరు. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది కనుక ఇకమీద వెదకేవారు మరొక మెట్టు ఎక్కాలి.

ఐతే ఇంటిపేరు చేయలేని పనిని మన నామకరణపు ఆచారమే కొంత చేస్తుంది. పెద్దకొడుక్కి తాతపేరు పెట్టడం మనకు వాడుక. నేటాలు తోటలో పుట్టిన తొలి కొడుకు వెంకటస్వామి అయి, పట్టీలో మునస్వామికి తండ్రి వెంకటస్వామి అని ఉంటే, ఆ మునస్వామి మనవాడేనని నమ్మడానికి బలం చేకూరుతుంది. ఓడ చూడని తాత మనుమని పేరులో సముద్రం దాటినాడన్నమాట. ఇక్కడా ఒక తిరకాసుంది. మామగారి పేరు కోడలు పలకరాదు. అందుచేత ఆ పిల్లవాడు ఇంట్లో 'పెద్దోడు'గానే పెరుగుతాడు. మునిమనుమలకు గుర్తుండేది ఆ పెద్దోడే. కాగితంలో ఉండేది వెంకటస్వామి.

ఊరిపేరును కంటితో గాక చెవితో చదవాలి. గుమాస్తా తన చెవికి సోకినట్లు ఇంగ్లీషులో వ్రాసికొన్నాడు. పైకి చదివితే చివర 'కండ్రిగ' అనో 'మిట్ట' అనో వినబడుతుంది. అది మా సీమ అని పోల్చుకోవచ్చు. కొత్తపల్లె అని ఉంటే మాత్రం నిట్టూర్చవలసిందే, ఏ కొత్తపల్లె అని చెప్పగలం?