వేడికి దారి ఏది?

1912. ఆల్పైన్ కార్ల పోటీ, ఆస్ట్రియాలో కాచ్‌బెర్గ్ కనుమ. జేమ్స్ రాడ్లీ నడుపుతున్న రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ నిట్టనిలువు ఎత్తు మీద ఆగిపోయింది. ఉన్నవి మూడే గేర్లు. మొదటి గేరులో ఎంత గింజుకున్నా కదల్లేదు. ఎక్కినవాళ్లని దించితే గానీ ముందుకు పోలేదు. ప్రపంచంలోకెల్లా మేటి కారుగా పేరుమోసిన బండికి ఎంత తలవంపు!

కంపెనీ ఆ మాట మరిచిపోలేదు. మరుసటేడు అదే ఆల్పైన్ పోటీకి నాలుగు గేర్లతో, వేడిని తట్టుకునే పెద్ద రేడియేటర్‌తో వచ్చింది. ఈసారి కొండలు రాడ్లీకి లొంగాయి.

మా మైపాడు రోడ్డు మీద రోహిణి కార్తెలో కారు తోలినవాళ్లకి ఈ వేడి గొడవ చెప్పక్కర్లేదు. వేడి చూపే ముల్లు ఎర్రగీత వైపు జరుగుతుంటే గుండె జారుతుంది. సిల్వర్ ఘోస్ట్‌కి ఆరు సిలిండర్లు, ఏడు లీటర్ల పైచిలుకు ఇంజన్. దాని సెగని నీళ్లు రేడియేటర్‌కి మోసుకొస్తాయి. ఎదురుగాలి, వెనకున్న ఫ్యాను కలిసి ఆ నీళ్లని చల్లారుస్తాయి. అక్కడితో పని అయిపోలేదు. లోపలికొచ్చిన గాలి కాగిపోయి బానెట్ కిందే ఉండిపోతే కొత్త గాలికి చోటేదీ? పెట్రోలు గొట్టంలోనే ఆవిరైపోయి ఇంజన్ ఆగిపోవచ్చు. అందుకే బానెట్ పక్కల రేకుని వరసగా కోసి, అంచులు పైకి లేపేవాళ్లు. వేడిగాలి అందులోంచి బయటికి పోతుంది. నున్నటి రేకే అందమనుకునే షావుకార్లకి ఆ కోతలు నచ్చకపోవచ్చు. నాకైతే కారు మొత్తంలో నిజాయితీగల పనితనం అక్కడే కనిపిస్తుంది.

ఆ కాలపు సిల్వర్ ఘోస్ట్ ఒకటి మన హైదరాబాదుకే వచ్చింది. ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ ఆర్డరిచ్చారు. కారు చేతికందక ముందే, 1911 ఆగస్టులో, కన్నుమూశారు. ఏడో నిజాం ఉస్మాన్ అలీఖాన్ అందుకున్నారు. బార్కర్ కంపెనీ కట్టిన పసుపురంగు బాడీ, వెనక సింహాసనంలా ఎత్తయిన సీటు. నిజాముల చేతుల్లో తిరిగింది 356 మైళ్లేనంటారు. ఇలాంటి ఊరేగింపు కారుకి అసలు పరీక్ష వేగం కాదు, నడకే. ఎండలో జనంతో పాటు నడిచేటప్పుడు ఎదురుగాలి ఉండదు. భారమంతా ఫ్యాను మీదే పడుతుంది.

ఇప్పుడది చౌమహల్లా ప్యాలెస్‌లో ఉంది. వెళ్లినప్పుడు సింహాసనాన్ని చూసి వచ్చేయకండి. ముందుకెళ్లి రేడియేటర్ దగ్గర కాసేపు నిలబడండి. బానెట్ పక్కలు కూడా చూడండి.