ఉప్పురాయి

బ్రెజిలు దేశమున, రియో డి జనీరో నగరపు రేవున కనతిదూరమున, ఒక చిన్నకొండ పాదమున నొక పెనుబండ గలదు. దానిపేరు పేద్రా దో సాల్, అనగా ఉప్పురాయి. పూర్వము సముద్రము దీని చెంతవఱకు నుండెడిది. ఓడలనుండి దించిన యుప్పును ఆఫ్రికా బానిసలు మోయుచు నీ బండ నెక్కుచుండిరి. కాలు జాఱకుండుటకై దానిలో మెట్లు తొలువబడినవి. ఒక సోమవారము సాయంకాలమున మేమా మెట్లపై గూర్చుంటిమి.

చూచుటకు గోపురమా, విగ్రహమా, ఏమియు లేదు. చీకటి పడుసరికి బండక్రింద నొక బల్లచుట్టును వాద్యకాండ్రు చేరిరి. కంజిరవంటి పందేరు మ్రోగినది. నాలుగు తంత్రుల చిన్న గితారు దాని నందుకొన్నది. అదియే సాంబ. నేడది యా దేశమునకు గర్వకారణము. ఒకప్పు డట్లు కాదు.

ఇచ్చటికి నడచిపోదగినంత దూరముననే వలోంగు రేవున్నది. 1811లో దానికి రాళ్లు పఱచిరి. సుమారు తొమ్మిదిలక్షల యాఫ్రికనులు ఆ ప్రాంతమున దిగిరని చరిత్రకారుల యంచనా. 1843లో చక్రవర్తికి పెండ్లికూతురు ఓడలో వచ్చుచున్నదని యా రాళ్లపై క్రొత్త రాళ్లు పఱచి దానికి సామ్రాజ్ఞి రేవని పేరిడిరి. ఉద్దేశ మేదైన నేమి, ఆమె పాదమునకు దగిలినది క్రొత్తరాయి! పాతరాళ్లు 2011లోగాని మరల వెలుగు చూడలేదు. 2017లో అవి ప్రపంచ వారసత్వ స్థలములలో జేరినవి.

1888 మే 13న బానిసత్వము రద్దయ్యెను. భూమి యియ్యలేదు, కూలి బకాయి యియ్యలేదు. రెండేండ్లకే, 1890 నాటి శిక్షాస్మృతి, వారి కపొయెరా యను మల్లవిద్యను నేరముగా నెంచెను. పందేరు చేతనున్నవానిని పోలీసులు పట్టుకొనుటయు గలదు. జువావ్ ద బయానా యను వాద్యకాడు తన పందేరు నట్లు కోలుపోగా, ఒక సెనేటరు తన పేరు చెక్కించి వేఱొకటి బహూకరించెనని చెప్పుకొనుచుండెడివాడు. వాద్యమునకు సైతము పెద్దమనిషి పూచీ కావలసివచ్చినది!

ఈ పాటను కాపాడినది ఒక గృహిణి యనిన మా సోదరీమణులు సంతసింతురు. ఆమె హిలారియా బాతీస్తా ది అల్మైదా. లోకులకు తియా సియాతా. తియా యనగా పిన్నమ్మ. 1854లో బహియా సీమలో బుట్టి, యౌవనమున రియోకు వచ్చి, వీథులలో మిఠాయి లమ్మి సంసారము నీదినది. ఆమె యింటి ముందుగదిలో మర్యాదస్థుల నృత్యము, లోపలిగదిలో సాంబ, పెరటిలో తమ దేవతల యారాధనమును జరుగుచుండెడివని చెప్పుదురు. కోటగోడ లేల? ఒక ముందుగది చాలినది. ఆ యింటి కూటములలో బుట్టినదని ప్రసిద్ధి గన్న 'పెలో తెలెఫోన్' అను పాటను 1916లో దోంగా యను నతడు జాతీయ గ్రంథాలయమున తనపేర నమోదు చేయించుకొనెను. అది మా యందఱి సొత్తని తక్కినవారు వాదించిరి. పలువురు కూడి కట్టిన పాటకు కాగితము నడుగునది ఒక్క పేరే. వారి వాదమే న్యాయమని మాకు దోచుచున్నది.

సియాతా 1924లో గతించెను. ఉప్పురాయి 1984లో రక్షిత స్థలమైనది. ఆమె యింటి కా భాగ్యము లేదు; 1940 తరువాతి యేండ్లలో ఆ వీథియే ప్రెసిదెంతె వార్గస్ అను రాజమార్గములో గలసిపోయినది. ఆ యుదయముననే మేమా మార్గమున బండిలో వచ్చి, ఎఱుగకయే యా చోటు దాటితిమి.