ఇంటి గోడ మీద సినిమా

సినిమా హాళ్లలో ఆడిన పాత 35 ఎం.ఎం. నైట్రేట్ ఫిల్ముకు నిప్పురవ్వ తగిలితే భగ్గుమనేది. దాన్ని ఇంట్లో ఆడించడమంటే ప్రాణాలతో చెలగాటమే. అందుకే ఫ్రాన్సులోని పాతే కంపెనీ 1912లో సులువుగా అంటుకోని 28 ఎం.ఎం. ఫిల్మునూ, 1922లో 9.5 ఎం.ఎం. ‘పాతే బేబీ’నీ తెచ్చింది.

ఈ 9.5 పనితనం ముచ్చటైనది. రంధ్రాలు అంచుల్లో కాక ఫ్రేముకూ ఫ్రేముకూ నడుమ ఉంటాయి కాబట్టి వెడల్పు దాదాపు అంతా బొమ్మకే దక్కింది. అంచున చిన్న గాటు వస్తే ప్రొజెక్టర్ ఆ ఫ్రేమును కొన్ని క్షణాలు ఆపేది. టైటిళ్లకు పట్టే ఫిల్ము అలా మిగిలేది. అయితే ఫిల్మును లాగే కొక్కెం గురి తప్పితే గాయపడేది బొమ్మే. తర్వాత సినిమా చరిత్రకారుడైన కెవిన్ బ్రౌన్‌లోకు బ్రిటన్‌లో బడిపిల్లాడిగా చిక్కిన 9.5 రీళ్లే ఏబెల్ గాన్స్ తీసిన మూకీ సినిమా ‘నెపోలియన్’ పునరుద్ధరణకు బీజం వేశాయి.

1923లో కోడక్ 16 ఎం.ఎం. తెచ్చింది. 1932లో వచ్చిన 8 ఎం.ఎం. అంటే, 16 వెడల్పు ఫిల్మునే కెమెరాలో రెండుసార్లు నడిపి, కడిగాక నిలువునా చీల్చడమే. చవకే గానీ బొమ్మ మరీ చిన్నది. 1965లో సూపర్ 8 రంధ్రాలను కుదించి బొమ్మను దాదాపు సగం మేర పెంచింది.

సేకరణకైనా ప్రదర్శనకైనా 16దే పైచేయి. పాత రీలు ఏది కొన్నా ముందు డబ్బా తెరిచి వాసన చూడండి. వెనిగర్ ఘాటు కొడితే ఫిల్ము చెడిపోవడం మొదలైనట్టే. దాన్ని మిగతా రీళ్ల పక్కన పెట్టకండి.