సాంఖ్యకశాస్త్రములో తొలి ఎం.ఏ. తరగతి

హైదరాబాదు నగరమునకు పశ్చిమమున, గండిపేట చెరువునకు చేరువలో ఉన్న నార్సింగి ఒకప్పుడు పొలముల మధ్య చిన్న పల్లె. నేడు దాని చుట్టును ఆకాశమునంటు భవనములు లేచినవి. ఆ ప్రాంతపు కార్యాలయములలో అంకెల రాసులనుండి అర్థమును పిండగలవారికి గిరాకి ఉన్నది. అందుచేత బి.ఎస్సీ. ముగించిన విద్యార్థులు పలువురు సాంఖ్యకశాస్త్రమువైపు చూస్తున్నారు. పక్కనే గచ్చిబౌలిలో హైదరాబాదు విశ్వవిద్యాలయము, నగరములోనే ఉస్మానియా, దూరముపోదలచినవారికి ఐ.ఐ.టీ.లు, కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థ, విదేశములు. ఎక్కడెక్కడికి దరఖాస్తు పెట్టవలెనన్నదే చిక్కు.

1940లో ఈ చిక్కే లేదు. దేశములో సాంఖ్యకశాస్త్రమునకు ఎం.ఏ. తరగతియే లేకపోయినది.

ఆ సంవత్సరము నాటికి కల్యంపూడి రాధాకృష్ణారావు అను యువకుడు ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితమున మొదటి తరగతిలో ఉత్తీర్ణుడైనాడు. 1920 సెప్టెంబరు 10వ తేదీన హడగళిలో పుట్టిన ఇతడు పోలీసు ఉద్యోగియైన తండ్రి బదిలీల వెంట గూడూరు, నూజివీడు, నందిగామలలో చదివి విశాఖపట్నము చేరినాడు. అక్కడనే పరిశోధన చేయవలెనని అతని కోరిక. కాని పరిశోధక వేతనమునకు పెట్టిన దరఖాస్తు గడువు దాటి అందినదని తిరస్కరింపబడినది. అది యుద్ధకాలము. సైన్యపు సర్వే శాఖలో గణితజ్ఞుని కొలువు ఉన్నదని విని అతడు కలకత్తా వెళ్ళినాడు. ఆ కొలువును దొరకలేదు. అయితే అక్కడ బసచేసిన చోట, సాంఖ్యక సంస్థలో శిక్షణకై వచ్చిన మరొక యువకుడు పరిచయమైనాడు. ఆ పరిచయమువలన సంస్థను చూచి, శిక్షణకు దరఖాస్తు పెట్టి, 1941 జనవరి 1వ తేదీన రావు అందులో చేరినాడు.

ఆ చేరిక ఎంత సాహసమో నేటివారికి తోచకపోవచ్చును. గణితము చదివినవానికి కళాశాలలో అధ్యాపక పదవి దొరకును; సాంఖ్యకునికి ఏ పదవి దొరకునో చెప్పగలవారు అప్పుడు అరుదు. సంస్థ కూడ 1931లో ప్రెసిడెన్సీ కళాశాలలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆరంభించినదే. వయస్సు పదేండ్లు నిండలేదు. మహలనోబిస్ భౌతికశాస్త్రజ్ఞుడు. 1915లో ఇంగ్లండునుండి తిరిగివచ్చుచు ‘బయోమెట్రికా’ పత్రిక సంపుటములను వెంట తెచ్చుకొని, తనకుతానే ఈ విద్య నేర్చుకొన్నాడు.

1941 జూలైలో కలకత్తా విశ్వవిద్యాలయము సాంఖ్యకశాస్త్రములో ఎం.ఏ. తరగతి తెరచినది. దేశమునకు ఇదే మొదటిది. రావు వెంటనే అందులోనికి మారినాడు. ఆ తరగతిని మెచ్చుకొనుటకు పూర్వవిద్యార్థులు లేరు, పేరుప్రతిష్ఠలు లేవు. ఉన్నవి రెండే. ఒకటి గురువులు: రాజచంద్ర బోసు, సమరేంద్రనాథ రాయ్ వంటి పరిశోధకులు. రెండవది అసలైన దత్తాంశము: 1937లో మొదలైన వంగదేశపు జనుము పంట నమూనా సర్వేలు, మానవ శరీరముల కొలతలు. పొలమునుండి వచ్చిన లెక్కలో దోషమెంతయో తేల్చవలసిన అవసరమే అక్కడ సిద్ధాంతమునకు పుట్టినిల్లు. నేటి దరఖాస్తుదారులు భవనములను, ర్యాంకులను చూచుటకు ముందు ఈ రెండింటిని విచారించుట మేలని తోచును.

1943లో రావు బంగారు పతకముతో ఎం.ఏ. పూర్తిచేసి, అక్కడనే పాఠము చెప్పసాగినాడు. ఒకనాడు ఫిషర్ నిరూపించిన ఒక ఫలితమును బోధించుచుండగా, దండేకర్ అను విద్యార్థి లేచి, ‘ఇది పెద్ద నమూనాలకు సరే, చిన్న నమూనాలకు కూడ చెల్లునా?’ అను అర్థము వచ్చునట్లు అడిగినాడు. ఆ రాత్రియే రావు జవాబు కనుగొన్నాడు. అది 1945లో కలకత్తా గణిత సమాజపు పత్రికలో అచ్చయినది.

దాని సారమిది. కొన్ని మళ్ళలో కోసిన పంటను తూచి, ఎకరమునకు సగటు దిగుబడిని అంచనా కట్టుచున్నామనుకొందము. వేరువేరు మళ్ళను ఎంచినచో వేరువేరు అంచనాలు వచ్చును. పక్షపాతములేని సూత్రము దేనిని వాడినను ఈ చెదరుటను ఒక హద్దుకంటె తగ్గించుట అసాధ్యము. నమూనాలోని సమాచారము ఎంత ఎక్కువైన ఆ హద్దు అంత తగ్గును. మళ్ళ సంఖ్యను 4 రెట్లు చేసిన, ప్రామాణిక దోషపు హద్దు సగమగును. స్వీడనులో క్రామెర్ కూడ స్వతంత్రముగా దీనిని కనుగొన్నందున దీనికి క్రామెర్–రావు అసమానత అని పేరు వచ్చినది. అంచనా ఇంకను మెరుగుపడగలదా, లేక ప్రయత్నము మానవచ్చునా అన్నది ఇది తెలుపును.

1946లో రావు కేంబ్రిడ్జి వెళ్ళినది కూడ తరగతులకొరకు కాదు. సూడానులోని జెబెల్ మోయాలో త్రవ్విన అస్థిపంజరముల కొలతలను మహలనోబిస్ దూరసూత్రముతో పరిశీలించుటకు అక్కడి సంగ్రహాలయము పిలిచినది. ఆ పని చేయుచునే ఫిషర్ వద్ద 1948లో డాక్టరేటు పొందినాడు.

పార్లమెంటు 1959లో చేసిన చట్టముతో సాంఖ్యక సంస్థకు పట్టములిచ్చు అధికారము వచ్చినది. 1960లో బి.స్టాట్., ఎం.స్టాట్. తరగతులు మొదలైనవి. అప్పుడు సంస్థ పరిశోధన, శిక్షణ విభాగమునకు అధిపతి రావుగారే.

2007లో హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఆయన పేరిట గణిత, సాంఖ్యక, కంప్యూటరు శాస్త్రముల సంస్థ వెలసినది. 1945 నాటి వ్యాసము మొదలుగాగల కృషికి 2023లో అంతర్జాతీయ సాంఖ్యకశాస్త్ర పురస్కారము ప్రకటింపబడినది. అదే సంవత్సరము ఆగస్టులో, 102 ఏండ్ల వయస్సున, ఆయన అమెరికాలో కన్నుమూసినారు.